లియో ఫెండరు చరిత్రము

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున పై తరగతి విద్యార్థులు నలుగురు విద్యుద్గిటారులతో ఒక వాద్యమేళము నడపిరి. హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతమునందు వినవచ్చు దట్టమైన గర్జనవంటి ధ్వనిని తెప్పింపవలెనని వారి కోరిక. ఎంత ప్రయత్నించినను వారి గిటారునుండి తేనెతుట్టె కదలినట్టి రొద తప్ప వేరేమియు రాలేదు. ముందు వరుసనున్న పెద్దలు కొందరు చెవులు మూసికొనిరి. మరునాడు ఆ బాలురు మాయొద్దకు వచ్చి, లోపము తీగలలో నున్నదా, పికప్పులో నున్నదా, ఆంప్లిఫయరులో నున్నదా యని యడిగిరి. తలిదండ్రులలో ఒకరు మాత్రము ఇట్టి మోత నేర్చుటవలన ప్రయోజనమేమని ప్రశ్నించిరి. ఈ రెండు ప్రశ్నలకును తిన్నగా బదులు చెప్పుటకంటె, ఆ పనిముట్లను లోకమునకు సమకూర్చిన ఒక మనుష్యుని కథ చెప్పుట మేలని మేము తలచితిమి. అతడు గిటారు వాయించుట యెన్నడును నేర్వలేదు. హెవీ మెటల్ ధ్వనిని కోరనును లేదు. అయినను ఆ ధ్వని యొక్క వంశవృక్షమును వెదకి పోయినచో వేరుదగ్గర అతని బల్లయే కనబడును.

క్లారెన్సు లియోనిడాసు ఫెండరు 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియాయందు, అనహైము ఫుల్లర్టను పట్టణముల సమీపమున జన్మించెను. తలిదండ్రులు నారింజతోటల సేద్యము చేసికొని జీవించువారు. లోకమతనిని లియో యనియే యెరుగును. ఎనిమిదేండ్ల ప్రాయమున ఎడమకంటిలో కంతి లేచి, ఆ కన్ను తీసివేయవలసి వచ్చెను. దాని స్థానమున గాజుకన్ను అమర్చిరి. చిన్ననాట కొంతకాలము పియానో నేర్చి, పిమ్మట సాక్సఫోను పట్టెను గాని సంగీతమతనికి పట్టువడలేదు. శాంటా మరియా యను ఊరిలో దగ్గర చుట్టమొకడు మోటారుబండ్ల విద్యుత్తు పనులు చేయు అంగడి నడుపుచుండెను. పదుమూడు పదునాలుగేండ్ల వయసున లియో అచ్చటికి పోయి, ఆ చుట్టము తన చేతులతో కట్టిన రేడియోయును, దానికి తగిలించిన పెద్ద స్పీకరునుండి వచ్చు ధ్వనియును చూచి విని అబ్బురపడెను. ఇంటికి వచ్చినది మొదలు రేడియోలు విప్పుటయు, కూర్చుటయు అతని పనియయ్యెను.

ఐనను అతడు కళాశాలలో చదివినది విద్యుచ్ఛాస్త్రము కాదు. 1928లో ఫుల్లర్టను ఉన్నత పాఠశాల చదువు ముగించి, అచ్చటి జూనియర్ కళాశాలలో లెక్కల పద్దులు వ్రాయు విద్యను అభ్యసించెను. ఒక మంచుగడ్డల కంపెనీలో సరకు చేరవేయువాడుగా చేరి, తరువాత లెక్కలు వ్రాయువాడయ్యెను. ఆ దినములలో ఒక వాద్యబృంద నాయకుడు నాట్యశాలలకు మైకుసెట్టు కావలెనని యడుగగా లియో ఆరు సెట్లు కట్టి యిచ్చెను. 1934లో ఎస్తేరు క్లాస్కీ యను ఆమెను వివాహమాడెను. పిమ్మట రాష్ట్ర రహదారుల శాఖలో లెక్కల పని దొరకెను గాని, అది ఆర్థికమాంద్యపు కాలమగుటచే ఆ యుద్యోగము పోయెను. మోటారు టైర్ల కంపెనీలో చేరెను, ఆరు నెలలకు అదియును పోయెను. భార్యగల గృహస్థుడు, ఒంటికన్నువాడు, రెండుమార్లు పని పోగొట్టుకొన్నవాడు. అట్టి స్థితిలో 1938లో 600 డాలర్లు అప్పుచేసి, ఫుల్లర్టనులో ఫెండరు రేడియో సర్వీసు అను మరమ్మతుల అంగడి తెరచెను.

మన ఊళ్లలో పెండ్లిపందిళ్లకు, సభలకు మైకుసెట్లు అద్దెకిచ్చుచు, తీరిక వేళల పాడైన రేడియోలు బాగుచేయు అంగళ్లను చదువరులు చూచియే యుందురు. లియో అంగడియు ఇంచుమించు అట్టిదే. గ్రామఫోను పలకలు అమ్మును, రేడియోలు బాగుచేయును, క్రీడోత్సవములకును ఊరేగింపులకును మైకుసెట్లు కట్టి అద్దెకిచ్చును. ఆ ప్రాంతపు వాద్యకారులు తమ గిటారులను, ఆంప్లిఫయర్లను మరమ్మతుకు తెచ్చుచుండిరి. చేతికి వచ్చిన ప్రతి పాడైన యంత్రమును విప్పి చూచుటచేత, ఏ భాగము ఎందుకు చెడునో, ఏ భాగము విప్పుటకు వీలులేక బాధపెట్టునో అతనికి తెలిసెను. తాను చేయు వస్తువు సులభముగా విప్పి బాగుచేయ దగియుండవలెనను పట్టుదల అతనికి ఇచ్చటనే అలవడెనని మా యభిప్రాయము. ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు గాజుకన్ను కారణమున అతనిని సేనలోనికి తీసికొనలేదు. అంగడి మూతపడలేదు.

యుద్ధకాలమున డాక్ కాఫ్‌మన్ అను వాద్యశిల్పి అతనికి స్నేహితుడయ్యెను. ఇరువురును కలిసి, ఒడిలో పరుండబెట్టుకొని వాయించు హవాయి గిటారులను, వానికి తగిన ఆంప్లిఫయర్లను చేయ మొదలిడిరి. తమ పేర్ల మొదటి అక్షరములతో 1945లో కె అండ్ ఎఫ్ అను సంస్థ పెట్టిరి. అంతకు ముందే, 1943 ప్రాంతమున, పికప్పును పరీక్షించుటకై ఒక మొద్దు చెక్కకు తీగలు బిగించి ముడి గిటారు నొకదానిని చేసియుండిరి. అది అమ్మకమునకు చేసినది కాదు. అయినను దాని ధ్వని నచ్చి చుట్టుపట్ల వాద్యకారులు దానిని అద్దెకు తీసికొనిపోవుచుండిరి. లియో ఈ సంగతిని మరువలేదు. అప్పుల భయమున కాఫ్‌మన్ 1946లో విడిపోగా, లియో ఫెండరు ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంటు కంపెనీ యను పేర తానే పని సాగించెను.

పికప్పు అననేమో ఇచ్చట కొంచెము చెప్పవలెను. అది యొక అయస్కాంతమును, దానిచుట్టు వెండ్రుకవంటి సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టిన చుట్టయును కలిసినది. ఫెండరు గిటారులలో ఒక్కొక్క పికప్పునకు సుమారు 8,000 చుట్లుండును. పైనున్న ఉక్కుతీగ మీటినపుడు అది అయస్కాంత క్షేత్రమున అల్లాడును. ఆ యలజడివలన రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. మన భౌతికశాస్త్ర తరగతిలో ఫారడే సూత్రము చెప్పునపుడు అయస్కాంతమును తీగచుట్టలో ఆడించి చూపుదుము గదా, ఇదియు నదియే. ప్రేగుతీగలుగాని నైలాను తీగలుగాని యైనచో పికప్పునకు వినబడనే వినబడవు, అవి అయస్కాంతమును కదలింపజాలవు గనుక. ఆంప్లిఫయరు ఈ స్వల్ప ప్రవాహమును పెంచి స్పీకరును కదలించును.

ఈ యుపాయమును లియో కనిపెట్టలేదు. 1930వ దశకము మొదట జార్జి బోషాం చేసిన పికప్పుతో రికెన్‌బాకరు కంపెనీవారు హవాయి గిటారులను అమ్ముచునే యుండిరి. అయితే మామూలు గిటారుకు డొల్లపెట్టె యుండును. దానికి పికప్పు పెట్టి ఆంప్లిఫయరు హెచ్చుగా తిప్పినచో, స్పీకరు ధ్వనికి ఆ పెట్టెయే అదరి, ఆ యదురు మరల పికప్పులో చేరి, కూతవలె ఊళ పుట్టును. మైకు ఎదుట స్పీకరు పెట్టిన కలుగు ఊళ ఎట్టిదో సభలకు పోవువారందరు నెరుగుదురు. డొల్ల లేని గట్టి చెక్కతో గిటారు చేసినచో ఈ బాధ చాలవరకు తగ్గును. ఇట్లు తలచినవారు అప్పటికి మరికొందరును గలరు. లియో చేసిన విశేషమేమనగా, దానిని సాధారణ వాద్యకారుడు కొనగల వస్తువుగా, కార్ఖానాలో సులభముగా చేయదగిన వస్తువుగా మార్చుట. 1948లో తనతో చేరిన జార్జి ఫుల్లర్టను సహాయమున, గట్టి చెక్క పలకకు మెడను నాలుగు మరమేకులతో బిగించి, బిరడలు ఆరును ఒకే ప్రక్కను అమర్చెను. మెడ చెడినచో మరలు విప్పి వేరొకటి బిగింపవచ్చును. పాత పద్ధతి శిల్పులు దీనిని చూచి నవ్విరి.

1950లో ఆ గిటారు బ్రాడ్‌కాస్టరు అను పేర బజారునకు వచ్చెను. గ్రెచ్ అను వేరొక కంపెనీ అదేపేర డోళ్లు అమ్ముచుండుటచే వారు అభ్యంతరము చెప్పిరి. వ్యాజ్యమేల యని లియో పనివారు సిద్ధముగానున్న పేరుకాగితములనుండి ఆ మాటను కత్తిరించివేసి, పేరులేని గిటారులనే కొన్ని నెలలు అమ్మిరి. తరువాత, అప్పుడప్పుడే ప్రబలుచుండిన టెలివిజను పేరు కలిపి 1951లో టెలికాస్టరు అని నామకరణము చేసిరి. ఆ సంవత్సరమే ప్రెసిషన్ బేసు అను మంద్రస్వర గిటారు వచ్చెను. మనిషెత్తున నిలువబెట్టి వాయించు పెద్ద బేసు వాద్యమును మోయువారికి ఇది యెంత ఉపకారమో చెప్పనక్కరలేదు. దాని ధ్వనిని మోయుటకు 1952లో బేస్‌మన్ అను ఆంప్లిఫయరును చేసిరి. ఈ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

1954లో స్ట్రాటోకాస్టరు పుట్టెను. టెలికాస్టరు అంచులు ప్రక్కటెముకలకు ఒత్తుకొనుచున్నవని వాద్యకారులు మొరపెట్టగా, దీని చెక్కను మేనికి ఒదుగునట్లు చెక్కిరి. పికప్పులు మూడు. తీగలను సడలించి బిగించి స్వరమును కంపింపజేయు మీటకూడ గలదు. ఆ మీటతో కలిపి దాని వెల 249 డాలర్ల 50 సెంట్లు. ఒక వింత: స్వరపు ఎత్తు మారి కంపించుటను సంగీతజ్ఞులు వైబ్రాటో యందురు, బలము మారి కంపించుటను ట్రెమలో యందురు. లియో గిటారు మీటకు ట్రెమలో యని, ఆంప్లిఫయరులోని రెండవదానికి వైబ్రాటో యని తారుమారుగా పేర్లు పెట్టెను. ఆ తప్పు నేటికిని లోకమున చెల్లుచున్నది. గిటారుకు శ్రుతి చేయుటకూడ సరిగా నేర్వని మనుష్యుడు ఇన్ని వాద్యములను ఎట్లు దిద్దెనన్నచో, వాద్యకారులను పిలిచి, వాయింపించి, వారి ఫిర్యాదులను ఓపికతో వినుటచేతనే. ఫ్రెడ్డీ టవారెస్, బిల్ కార్సన్ మొదలగువారు అట్లు తోడ్పడినవారు.

లియో కోరినది నిర్మలమైన ధ్వని, గంటవలె స్పష్టముగా మ్రోగునది. ఆంప్లిఫయరు హెచ్చుగా తిప్పిన కలుగు బొంగురు అతనికి లోపమే. ఆ లోపమే యొక సంగీతమునకు ప్రాణమగుట ఈ కథలోని చిత్రము. ఆ కాలపు ఆంప్లిఫయర్లలో గాజుబుడ్లవంటి వాల్వులుండెడివి. వాల్వు తన శక్తికి మించి పెంచవలసి వచ్చినపుడు, ధ్వనితరంగపు శిఖరములు కోసివేసినట్లు చదునగును. అట్లు చదునైన తరంగమున మూలస్వరముతోపాటు అందులేని అనేక అనుస్వరములు పుట్టును, ధ్వని దట్టమగును, తీగ మీటిన తరువాత నాదము చాలసేపు నిలుచును. 1950వ దశకము కడపట వచ్చిన బేస్‌మన్ నమూనాలో పదంగుళముల స్పీకర్లు నాలుగు. బేసునకై చేసినదైనను గిటారువారు దానిని కొనిపోయి, మీట చివరివరకు త్రిప్పి వాయింప సాగిరి.

లండను పశ్చిమభాగమున హాన్‌వెల్ అనుచోట జిమ్ మార్షల్ అను డోలువిద్య ఉపాధ్యాయునికి ఒక వాద్యముల అంగడి యుండెను. అమెరికానుండి తెప్పించు ఫెండరు ఆంప్లిఫయర్లు ఇంగ్లండులో మిక్కిలి ప్రియము. కాబట్టి అతడును, కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అను ఇరువురు పనివారును బేస్‌మన్ నిర్మాణమును ముందుంచుకొని 1962లో తమ స్వంతమైనదానిని కట్టిరి. అచ్చట దొరకు వాల్వులు వేరు, స్పీకర్లు వేరు. మొదటి వాల్వు మరింత పెంపుగలది. స్పీకర్లు పండ్రెండంగుళములవి నాలుగు, వెనుకభాగము మూసిన పెట్టెలో బిగించినవి. ఇట్టి మార్పులచే ధ్వని మరింత త్వరగా బొంగురుపోయి, మరింత బరువుగా వచ్చెను. తరువాత 100 వాట్ల ఆంప్లిఫయరును, ఒకదానిపై నొకటి నిలిపిన రెండు పెట్టెలును వచ్చెను. 1970లో చనిపోయిన జిమీ హెండ్రిక్స్ లియో చేసిన స్ట్రాటోకాస్టరును మార్షల్ ఆంప్లిఫయరులకు తగిలించి వాయించెను. ఫుల్లర్టనులో విడిపోయిన గిటారును, ఆంప్లిఫయరు వంశమును లండనులో మరల కలిసికొనినవని చెప్పవచ్చును.

హెవీ మెటల్ అనదగిన ధ్వనికి ఇంకను రెండు కావలసియుండెను. మొదటిది లియో చేసినది కాదు. ఒక్క చుట్టగల పికప్పు తీగల కదలికతోపాటు ఇంటి విద్యుత్తీగలనుండి వచ్చు ఝుంకారమును కూడ పట్టుకొనును. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అను నిపుణుడు 1955లో రెండు చుట్టలను ప్రక్కప్రక్కల ఎదురెదురు వరుసలో కలిపి, ఝుంకారము తనలో తాను కొట్టుకొనిపోవునట్లు చేసెను. దానినే హంబకరు అందురు. అది ఆంప్లిఫయరును మరింత గట్టిగా నెట్టును. రెండవది సన్నని తీగ. బర్మింగుహాములో టోనీ అయోమి యను యువకుడు 1965లో రేకుల కార్ఖానాలో కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. అతడు ఎడమచేతివాటము వాడగుటచే తీగలనొక్కు చేయి అదియే. ప్లాస్టికు కరిగించి వ్రేలితొడుగులు చేసికొని, నొక్కుటకు సులువుగానుండు బాంజో తీగలు బిగించి, కొన్నియేండ్లకు తీగల శ్రుతినే దించివేసెను. ఆ దించిన శ్రుతియే హెవీ మెటల్ గంభీరధ్వనికి మార్గమయ్యెను.

మా బాలుర ప్రశ్నకు ఈపాటికి సగము బదులు వచ్చినది. వారి గిటారును మేము తెప్పించి చూచితిమి. తీగలు తుప్పుపట్టి చచ్చియుండెను. వాయించినది మెడదగ్గరి ఒంటిచుట్ట పికప్పుతో, బొంగురు పెంచు మీట చివరివరకు త్రిప్పి. అట్లు త్రిప్పినచో స్వరములు ఒకదానిలో నొకటి కలిసిపోయి రొదయే మిగులును. పైగా స్పీకరు అరచేతియంతదే. కొత్త తీగలు బిగింపించితిమి. శ్రుతి దించువారు 9కి బదులు 10 లేక 11 పరిమాణముగల మందపు తీగలు వాడనిచో అవి వ్రేలాడి స్వరము నిలువదు. వంతెనదగ్గరి పికప్పునకు మార్పించి, ఆ మీటను సగమునకు దింపి, మధ్యస్వరముల మీటను కొంచెము పెంచి, అరచేతి అంచును వంతెనదగ్గర తీగలపై మోపి మీటుమంటిమి. ధ్వని గట్టిపడెను గాని ఝుంకారము మాత్రము పోలేదు. అప్పుడు, ఈ మోత యెందుకని యడిగిన ఆ తండ్రిగారే, మైకుసెట్లు నడుపువారగుటచే, సాయంకాలము సోల్డరింగు కడ్డీ తెచ్చుకొని వచ్చి, గిటారు వెనుక పలక విప్పి, తెగియున్న భూమితీగను అతికించి పోయిరి. మంచి మాట యేదియు అనలేదు, కాని ఆ రాత్రి ఎనిమిది గంటలవరకు అచ్చటనే కూర్చుండిరి.

ఇక లియో కడపటి సంగతులు. 1950వ దశకమున పట్టుకొనిన ముక్కుగూడుల వ్యాధి మానక, ప్రాణముమీద ఆశ వదలుకొని, అతడు 1965 జనవరిలో తన కంపెనీని సి.బి.ఎస్. సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసెను. అమ్మిన తరువాత వేరొక వైద్యుని చికిత్సతో ఆ వ్యాధి కుదిరెను! కొత్త యజమానుల చేతిలో సరకు నాణ్యము తగ్గెనని వాద్యకారులు మొరపెట్టుచుండిరి. 1985లో అచ్చటి ఉద్యోగులే కొందరు పెట్టుబడిదారులతో కలిసి కంపెనీని సి.బి.ఎస్.నుండి కొనుక్కొనిరి. లియో మాత్రము ఊరక యుండలేక 1975లో మ్యూజిక్ మన్ అను సంస్థకు అధ్యక్షుడయ్యెను. అచ్చట పొసగక, పాత స్నేహితుడు జార్జి ఫుల్లర్టనుతో కలిసి జి అండ్ ఎల్ అను మూడవ సంస్థ పెట్టెను. 1979లో ఎస్తేరు చనిపోయెను. మరుసటి యేట ఫిల్లిసు అను ఆమెను వివాహమాడెను.

ముసలితనమున పార్కిన్‌సన్ వ్యాధి పట్టి చేతులు వణకుచుండినను పనికి పోవుట మానలేదు. 1991వ సంవత్సరము మార్చి 21వ తేదీన, 81 ఏండ్ల వయసున, చనిపోయెను. ముందటి దినముకూడ పనిబల్లయొద్దకు వచ్చెనని అతనితో పనిచేసినవారు చెప్పుదురు. ఆ కార్ఖానాలోని అతని గదిని చాలకాలము అతడు వదలిన తీరుననే, పనిముట్లు బల్లపైననే యుంచి, తాళము వేసి కాపాడిరి.